కొత్తవాళ్లున్న హాల్లో సర్కిల్ మిక్సర్లు: ఏవి పెట్టాలి, కాల్ ఎలా చెప్పాలి?

ఒహాయో_కోలాటం:

నమస్కారమండి. అక్టోబరు చివరి శనివారం మా టౌన్ కమ్యూనిటీ సెంటర్లో బార్న్ డాన్స్ (మైకులో ఒకరు కదలికలు చెప్తుంటే జనమంతా కలిసి ఆడే జానపద నృత్యం) పెడుతున్నాం. సగం మన తెలుగు కుటుంబాలు, సగం చుట్టుపక్కల అమెరికన్ కుటుంబాలు. కాల్, అంటే తర్వాతి కదలిక ఏమిటో పాట మీద చెప్పాల్సింది నేనే. కోలాటం జట్టుకు కోపులు నేర్పడం, ఈల ఊది కోపు మార్పించడం అలవాటే. కాంట్రా డాన్సుల్లో (జంటలు ఎదురెదురు వరసల్లో నిలబడి ఆడేవి) ఆడటమూ వచ్చు. జంటలు మారే సర్కిల్ మిక్సర్‌ని మైకు పట్టుకుని నడిపించడం మాత్రం కొత్త.

హాలు 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, చెక్క నేల. 60 మంది వస్తారని అంచనా. అందులో పన్నెండేళ్ల లోపు పిల్లలు పదిహేను మంది దాకా ఉంటారు, అరవై దాటినవాళ్లు పదిమంది. ఆడవాళ్లు ఎక్కువ. బ్యాండు లేదు, ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు ఉన్నాయి. రెండు గంటల కార్యక్రమం.

ఏ మిక్సర్లు పెట్టాలి, ఎన్ని పెట్టాలి? కాల్ తెలుగులో చెప్తే టైమింగ్ కుదురుతుందా? స్వింగ్ (జంట ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరగడం) అంటే మన ఆడవాళ్లు కొందరు వెనకాడతారు, దాని బదులు ఏం పెట్టొచ్చు? ఎక్కడ గందరగోళం అవుతుందో ముందే చెప్తే ఇంకా మేలు.

మూడో_జంట:

డాన్సు సంగతి తర్వాత, ముందు నేల లెక్క చూడండి. చేతులు పట్టుకుని వలయంగా నిలబడితే మనిషికి సుమారు 3 అడుగులు పడుతుంది. 60 మందికి చుట్టుకొలత 180 అడుగులు, అంటే వలయం అడ్డం 57 అడుగులు. మీ వెడల్పు 40. పట్టదు. 40 మందికైతే అడ్డం 38, గోడలకు వీపులు రాసుకుంటాయి. ఒకే పెద్ద వలయం అనే ఆలోచన వదిలేసి, హాలు పొడవునా పక్కపక్కన రెండు వలయాలు వేయించండి. వలయానికి 24 మంది అయితే అడ్డం 23 అడుగులు, హాయిగా పడతాయి. ఎలాగూ ప్రతి డాన్సుకీ కొంతమంది కూర్చునే ఉంటారు.

ఇంకో దారి, జంట కోలాటంలో లాగా లోపలొక వలయం, బయటొక వలయం. 30 జంటలు నిలబడ్డా బయటి వలయం అడ్డం 35 అడుగులు దాటదు. అందుకే మొదటి మిక్సర్‌గా ప్యాటీకేక్ పోల్కా పెట్టమంటాను. వచ్చినవాళ్లంతా ఒకేసారి నేల మీదికి దిగొచ్చు.

దాని నడక: లోపలివాళ్లు మధ్యకు వీపు పెట్టి, బయటివాళ్లు లోపలికి తిరిగి, ఎదురెదురుగా రెండు చేతులూ పట్టుకుంటారు. లోపలివాళ్ల ఎడమ కాలు, బయటివాళ్ల కుడి కాలు: మడమ, వేళ్లు, మడమ, వేళ్లు (4 బీట్లు), అదే పక్కకి నాలుగు జారుడు అడుగులు (4). మళ్లీ రెండో కాలితో అదంతా వెనక్కి (8). తర్వాత చప్పట్లు, మన చెమ్మచెక్కే: కుడి చేతులు మూడుసార్లు, ఎడమ చేతులు మూడుసార్లు, రెండూ కలిపి మూడుసార్లు, తొడల మీద మూడుసార్లు. ఒక్కో మూడింటికి 2 బీట్లు, మొత్తం 8. చివరికి కుడి మోచేతులు కలిపి ఒక చుట్టు (8), ఎడమ పక్కనున్న కొత్త మనిషి దగ్గరికి. మొత్తం 32 బీట్లు.

ఈ డాన్సు చెడేది జరుగుడు దగ్గరే. ‘అందరూ ఎడమకి జరగండి’ అంటే లోపలివాళ్లూ ఒక అడుగు, బయటివాళ్లూ ఒక అడుగు జరిగి మధ్యలో ఒకరిని దాటేస్తారు. సగం వలయం దాటి, సగం దాటకపోతే ఇద్దరు ముగ్గురు ఖాళీగా మిగులుతారు. కొత్తవాళ్లకి ‘లోపలివాళ్లు కదలొద్దు, బయటివాళ్లే ఎడమకి ఒకరు’ అని చెప్పండి. పిల్లలు మోచేతి చుట్టును రెండున్నర చుట్లు తిరిగి ఎటు చూస్తున్నారో మర్చిపోతారు. ‘ఒక్కటే చుట్టు’ అని ప్రతిసారీ అనాల్సిందే.

ఇక అసలు మిక్సర్, నా ఓటు లా బస్ట్రాంగ్‌కి. క్యూబెక్ నుంచి వచ్చిన డాన్సు, 64 బీట్లు. వలయంలో జంటగా నిలబడాలి. జంటలో ఎడమ పక్క వాళ్లకి మణికట్టుకో ఎర్ర రిబ్బన్ కట్టండి, కుడి పక్కవాళ్లకి తెల్లది. ఆడా మగా లెక్క పెట్టుకోవద్దు, మీ హాల్లో ఎలాగూ సరిపోదు. కాంట్రా డాన్సుల్లో ఇప్పుడు ఎడమవాళ్లని లార్క్స్, కుడివాళ్లని రాబిన్స్ అంటున్నది ఇందుకే. ఎర్ర, ఎడమ రెండూ ‘ఎ’తోనే మొదలవుతాయి కాబట్టి గుర్తుంటుంది.

16 బీట్లు: అందరూ మధ్యలోకి నాలుగడుగులు, వెనక్కి నాలుగు. ఇంకోసారి.
16 బీట్లు: ఎడమకి ఎనిమిది అడుగులు, కుడికి ఎనిమిది.
16 బీట్లు: ఎర్ర రిబ్బన్ వాళ్లు తమ ఎడమ పక్కనున్న తెల్ల రిబ్బన్‌ని చెయ్యెత్తి కిందుగా తిప్పి, వాళ్లతో స్వింగ్.
16 బీట్లు: ఆ కొత్త జంట అపసవ్యంగా (గడియారం ముల్లుకి ఎదురుగా) నడక, ఎర్ర లోపల, తెల్ల బయట. చివర్లో మధ్యకు తిరిగి వలయం.

దీన్ని ఎంచుకోవడానికి కారణం ఆ చివరి నడకే. జంట మారిన వెంటనే 16 బీట్ల మెత్తటి చోటు ఉంది. తప్పిపోయినవాళ్లు ఆ లోపల ఎవరో ఒకరిని పట్టుకుని నడకలో కలిసిపోతారు. మార్పు జరిగిన వెంటనే ఇంకో చిక్కు కదలిక వచ్చే మిక్సర్లని కొత్తవాళ్లకి పెట్టకండి. ఏ డాన్సు చూసినా నేను మొదట వెతికేది ఈ ఖాళీనే.

దీంట్లో వచ్చే పెద్ద తప్పు ఒక్కటే. స్వింగ్ అయ్యాక ఒక జంట తారుమారుగా నిలబడటం, తెల్ల ఎడమకి, ఎర్ర కుడికి. చూడ్డానికి చిన్న విషయం. కానీ తర్వాతి మార్పులో ఆ ఎర్ర రిబ్బన్ ఎడమకి చూస్తే తన జంటే కనబడుతుంది, మళ్లీ వాళ్లతోనే ఆడతారు. వాళ్లకి కుడి పక్కనున్న ఎర్ర ఎడమకి చూస్తే ఇంకో ఎర్ర. వాళ్లకి ఎడమ పక్కనున్న తెల్ల కుడికి చూస్తే ఇంకో తెల్ల. ఒక్క జంట తారుమారైతే ఇద్దరు ఒంటరి. పైగా ఆ ఇద్దరూ ఏ తప్పూ చేయనివాళ్లు, బిక్కమొహం వేసుకుని నిలబడతారు. ఆ ఇద్దర్నీ ఒకరికొకరిని జంట చేసేయండి, డాన్సు ఆగదు. తారుమారైన జంటని నడకలో సరిచేయండి, ‘ఎర్ర లోపల!’ అంటే చాలు.

సర్కాసియన్ సర్కిల్ దీనికి చెల్లెలు లాంటిది. రెండో 16 బీట్లలో తెల్ల రిబ్బన్ వాళ్లు లోపలికెళ్లి చప్పట్లు కొట్టి వెనక్కి, తర్వాత ఎర్ర రిబ్బన్ వాళ్లు లోపలికెళ్లి చప్పట్లు కొట్టి తిరిగి తమ ఎడమవైపున్న కొత్తవాళ్ల దగ్గరికి. మిగతాది అదే. మధ్యలో నుంచి వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు దిక్కు తప్పుతుంది కాబట్టి లా బస్ట్రాంగ్ కన్నా ఒక మెట్టు కష్టం. ఒకే సాయంత్రం రెండూ పెట్టకండి, కలిపేసుకుంటారు.

రెండు గంటలకి మూడు మిక్సర్లు మించొద్దు. వెంట వెంటనే రెండు అసలే వద్దు. జంటగా వచ్చినవాళ్లు తమ మనిషితో కూడా ఆడాలనుకుంటారు.

బీట్_ముందు:

కాల్ గురించి నేను చెప్తాను.

నిమిషానికి 116 బీట్ల పాట మీద 64 బీట్లు అంటే 33 సెకన్లు. ఒక బీటు అర సెకను. ‘అందరూ చేతులు పట్టుకుని మధ్యలోకి నాలుగడుగులు వేయండి’ అని పూర్తిగా అంటే నాలుగు సెకన్లు, ఎనిమిది బీట్లు ఎగిరిపోతాయి. మీరు ముగించేసరికి వాళ్లు వెళ్లి వెనక్కి రావాల్సింది. కాల్‌లో ఆఖరి అక్షరం ముందు కదలిక చివరి బీట్ మీద పడాలి, కదలిక తర్వాతి బీట్ మీద మొదలవ్వాలి. కోలాటంలో మీరు ఈల ఊదగానే కోపు మారుతుంది కదా, ఇక్కడ మార్పు మీ చేతిలో లేదు, పాట చేతిలో ఉంది. ఎనిమిదేసి బీట్ల దగ్గర పాట తిరుగుతుంది, మీరు దానికి రెండు మూడు బీట్ల ముందే చెప్పేసి తప్పుకోవాలి. ఈల ఇంట్లో పెట్టి రండి. అది ఎప్పుడో చెప్తుంది, ఏమిటో చెప్పదు.

తెలుగులో టైమింగ్ కుదురుతుంది, క్రియలు కోసేస్తే. ‘ఆడండి, తిరగండి, వెళ్లండి’ అన్నీ తీసేయండి. ముందు ఎవరు, తర్వాత ఎటు, తర్వాత ఏమిటి. లా బస్ట్రాంగ్ ఒక రౌండుకి ఇన్నే మాటలు చాలు:

(పాట మొదలయ్యే ముందు 5, 6, 7, 8 మీద) అందరూ... మధ్యలోకి
(3-4 మీద) వెనక్కి
(7-8 మీద) మళ్లీ
(3-4 మీద) వెనక్కి
(6-8 మీద) వలయం, ఎడమకి
(6-8 మీద) ఇటు, కుడికి
(5-8 మీద) ఎర్ర, ఎడమ చూడు, తిప్పు
(స్వింగ్ చివరి 8లో 5-8 మీద) ఎర్ర లోపల, నడక
(నడక చివరి 8లో 5-8 మీద) మధ్యకు తిరిగి... మధ్యలోకి

మీ హాల్లో సగం మందికి తెలుగు రాదు కాబట్టి డాన్సు నడుస్తున్నప్పుడు రెండు భాషలూ కలపకండి. ఒకే కదలికకి రెండు కాల్స్ పడితే రెండోది ఆలస్యమైపోతుంది. నడిపించి చూపించేటప్పుడు రెండు భాషల్లోనూ చెప్పండి. పాట మొదలయ్యాక లెఫ్ట్, రైట్, మిడిల్, బ్యాక్ అనండి, మనవాళ్లకీ అర్థమవుతాయి. జనమంతా తెలుగువాళ్లే ఉన్న రోజు పైన రాసినట్టు చెప్పండి.

మొదటి మూడు రౌండ్లు పూర్తి కాల్స్. నాలుగో రౌండు నుంచి ‘వెనక్కి’, ‘మళ్లీ’ లాంటివి మానేయండి, ఐదు ఆరు రౌండ్లలో మార్పు దగ్గర ఒక్క మాట. తర్వాత నోరు మూసుకుని చూడండి. ఎక్కడ తడబడ్డారో అక్కడి నుంచి మళ్లీ అందుకోండి. ఆపకుండా వాగే కాల్ మీద జనం ఆధారపడిపోతారు, పాట వినరు. ఎనిమిది తొమ్మిది రౌండ్లు, ఐదు నిమిషాలు, అంతే. వలయం ఎంత పెద్దదైనా అందరూ అందరితో ఆడేదాకా లాగకండి.

నేర్పేటప్పుడు వలయం మధ్యలో నిలబడొద్దు. సగం మందికి మీ వీపు కనిపిస్తుంది, మిగతా సగానికి మీ ఎడమ వాళ్ల కుడి అవుతుంది. వలయంలో ఒక జంటగా కలిసి నిలబడి, హెడ్‌సెట్ మైకుతో చెప్పండి. పాట మొదలయ్యాక బయటికి వచ్చేయండి. రెండు వలయాలుంటే రెండూ కనబడే చోట, స్పీకర్ వెనక కాకుండా పక్కన.

పాట లేకుండా రెండుసార్లు నడిపించండి. రెండోసారి జంట మారేదాకా వెళ్లి, కొత్త మనిషితో నడక ఒకసారి చేయించండి. మొదటిసారి ఎందుకు మారారో అర్థం కాదు, రెండోసారికి ‘ఓహో’ అంటారు. అక్కడి నుంచే పాట మొదలుపెట్టండి, పాత జంట దగ్గరికి పంపక్కర్లేదు. నేర్పడానికి మూడు నిమిషాలు దాటే డాన్సు ఆ హాలుకి పనికిరాదు.

చీర_కాంట్రా:

స్వింగ్ సంగతి. నడుం మీద చెయ్యేసి పట్టుకునే స్వింగ్ కొత్తవాళ్లకి రెండు రకాలుగా ఇబ్బంది. ముక్కూ మొహం తెలియని మనిషితో అంత దగ్గర కొందరికి నచ్చదు. నచ్చినా 16 బీట్లు తిరిగితే కళ్లు తిరుగుతాయి. మన ఆడవాళ్లకి ఒప్పులకుప్ప చిన్నప్పటి నుంచి తెలుసు, అదే పెట్టండి. చేతులు అడ్డంగా, కుడిలో కుడి, ఎడమలో ఎడమ. ఒక్క మార్పు: ఆటలో వెనక్కి వాలి తిరుగుతారు, ఒకరు వదిలితే ఇంకొకరు నడ్డి మీద పడతారు. చెక్క నేల మీద అది వద్దు. మోచేతులు వంచి, నిటారుగా, గడియారం ముల్లు తిరిగే వైపే ఎనిమిది నడక అడుగులు. 16 బీట్లలో మొదటి ఎనిమిది డోసిడో (కుడి భుజాలు దాటుకుంటూ ఒకరి చుట్టూ ఒకరు వెళ్లి తమ చోటికి రావడం), తర్వాతి ఎనిమిది ఒప్పులకుప్ప అయితే అరవై దాటినవాళ్లకీ సరిపోతుంది. స్వింగ్ కావాల్సినవాళ్లు స్వింగ్ చేసుకుంటారు, టైము ఒకటే కాబట్టి ఎవరికీ అడ్డం రాదు. ఇది మొదట్లోనే మైకులో చెప్పేయండి, ‘కొత్త మనిషిని కలవగానే చేతులు చాచండి, ఎదుటివాళ్లు ఎలా పట్టుకుంటే అలా’ అని. అడగలేక ఊరుకునేవాళ్లకి అది చాలా మేలు.

గాజులు. ఈ మాట కాల్ చెప్పేవాళ్లెవరూ అనరు. మట్టి గాజులు చేతినిండా వేసుకుని వస్తారు, అవతలివాళ్లు అరచెయ్యి కాకుండా మణికట్టు పట్టుకుని లాగితే గాజు పగిలి ఇద్దరికీ గీసుకుంటుంది. చేతులు మార్చుకుంటూ ఒకరి తర్వాత ఒకరిని దాటే గొలుసు డాన్సుల్లో ఇది తప్పదు. మెటల్ గాజులతో రమ్మని వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టండి. అన్ని డాన్సుల్లోనూ అరచెయ్యి అరచేతిలో, వేళ్లు కొక్కెంలా వంచి, బొటనవేలితో నొక్కకుండా. పెద్ద రాయి ఉంగరాలు కూడా తీసేయిస్తే మంచిది.

పట్టుచీర కుచ్చిళ్లు నేలకి ఒక అంగుళం పైకి దోపుకోవాలి, పైట పిన్ను పెట్టుకోవాలి. వెనక్కి నడిచేటప్పుడు కాలి కింద పడేది ఎక్కువగా పక్కవాళ్ల చీరే. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి సాక్సులతో దిగేవాళ్లు ఉంటారు, చెక్క నేల మీద అది మంచు గడ్డ మీద నిలబడటమే. బూట్లతోనో వట్టి కాళ్లతోనో.

పిల్లల మాటకొస్తే, ఆరేళ్ల లోపు పిల్లని జంటలు మారే డాన్సులో విడిగా పెట్టొద్దు. రెండో మార్పుకి అమ్మ ఎక్కడుందో కనబడదు, ఏడుపు. పెద్దవాళ్లూ పిల్లా కలిపి ఒక్క మనిషిగా లెక్క. ఇంకా మంచిది, ఆ కుటుంబాల కోసం జంట మారని వలయం ఒకటి పెట్టడం. సిసిలియన్ సర్కిల్: జంటకి ఎదురుగా జంట, హాలు చుట్టూ. నలుగురు కలిసి ఎడమకి వలయం, కుడికి వలయం (16), నలుగురి కుడి చేతులు మధ్యలో కలిపి చక్రంలా నడక, తర్వాత ఎడమ చేతులతో (16), ఎదుటివాళ్లతో డోసిడో, మీ జంటతో డోసిడో (16), ముందుకీ వెనక్కీ, ఆ పైన ఎదుటి జంట మధ్య నుంచి దాటి కొత్త జంట దగ్గరికి (16). తల్లీ కూతురూ సాయంత్రమంతా ఒకే జట్టు, అయినా ఊరందరినీ కలుస్తారు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, దాటాక వెనక్కి తిరిగేస్తారు. ‘ముఖం ఎటుందో అటే’ అని రెండుసార్లు చెప్పండి.

ఆడవాళ్లు మరీ ఎక్కువైతే ముగ్గురేసి వరసలు పెట్టే డాషింగ్ వైట్ సార్జెంట్ ఉంది, స్కాట్లండ్ వాళ్లది. ముగ్గురికి ఎదురుగా ముగ్గురు, హాలు చుట్టూ. మధ్యలో ఎవరైనా ఉండొచ్చు. ఎనిమిది ఆకారపు నడక నేర్పాలి కాబట్టి రెండో గంటకి అట్టిపెట్టండి.

ఒహాయో_కోలాటం:

చాలా థ్యాంక్సండి. ముఖ్యంగా నేల లెక్క, తారుమారు జంట లెక్క.

ఇంకో రెండు ప్రశ్నలు. లక్కీ సెవెన్ (గొలుసు నడకలో ఏడో మనిషితో జంట కట్టే మిక్సర్) పెట్టాలని ఉంది, కోలాటం వచ్చినవాళ్లకి గొలుసు నడక తెలిసిందే కదా, కర్రల బదులు చేతులు. వలయానికి 24 మంది, 12 జంటలు అనుకుంటున్నాను. రెండోది, పాటలు మన తెలుగువి వాడొచ్చా?

మూడో_జంట:

లక్కీ సెవెన్ పెట్టండి, కానీ 12 జంటలతో వద్దు. లెక్క చూడండి. గొలుసులో మీ జంటకి కుడి చెయ్యి ఇచ్చి ‘ఒకటి’, తర్వాతివాళ్లకి ఎడమ ‘రెండు’, అలా ఏడు దాకా వెళ్లి ఆ ఏడో మనిషితో ఆడతారు. అంటే ప్రతి రౌండుకీ ఆరు జంటలు ముందుకి. వలయంలో 12 జంటలుంటే రెండో రౌండుకి మళ్లీ మీ మొదటి మనిషి దగ్గరే ఉంటారు. సాయంత్రమంతా ఇద్దరే ఇద్దరితో ఆడతారు, మిక్సర్ అన్న పేరే గానీ కలిసేదేముంది. 18 జంటలైతే ముగ్గురు, 8 అయితే నలుగురు. 6 జంటలతో అయితే ఏడో మనిషి మీ సొంత మనిషే. 11 గానీ 13 గానీ ఉంటే అందరూ అందరినీ కలుస్తారు. మీ రెండు వలయాల్లో ఒకదాంట్లోంచి ఒక జంటని రెండోదాంట్లోకి పంపండి, 11, 13 అయిపోతాయి, పని పూర్తి.

నడక: ఎడమకి, కుడికి వలయం 16. మధ్యలోకీ వెనక్కీ రెండుసార్లు 16. గొలుసు 16. ఏడో మనిషితో ఒప్పులకుప్ప, వలయంలోకి 16. చేతికి రెండేసి బీట్లు, ఏడు చేతులకి 14, మిగిలిన రెండు కుదురుకోడానికి. అంటే చేతిని పట్టి ఊపుతూ పలకరించే టైము లేదు.

కోలాటం వాళ్ల గురించి మీరన్నది సగమే నిజం. ఎదురొచ్చినవాళ్లని ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ పోవడం వాళ్లకి ఒంట్లో ఉంటుంది. కానీ కర్ర తగిలించి వదిలేయడం అలవాటు, చెయ్యి అందించి లాక్కుని ముందుకి జరగడం కాదు. తర్వాతి చెయ్యి కళ్లకి కనబడేదాకా ఈ చెయ్యి వదలొద్దని చెప్పండి. కొత్తవాళ్లలో కొందరు చెయ్యి పట్టగానే చుట్టూ తిరిగేస్తారు, అప్పుడు దిక్కు మారి వెనకొచ్చేవాళ్లని ఢీకొంటారు. ‘తిరగొద్దు, దాటిపో’ అంతే.

ఒక మంచి పరీక్ష ఉంది. బేసి అంకెలన్నీ కుడి చెయ్యి. ఏడు దగ్గర మీ ఎడమ చెయ్యి ఎవరి చేతిలోనైనా ఉంటే లెక్క తప్పింది. పాట లేకుండా నడిపించేటప్పుడు అందరి చేత గట్టిగా లెక్కపెట్టించి, ఏడు దగ్గర ఆపి, చేతులు పైకెత్తమనండి. ఎన్ని ఎడమ చేతులు లేచాయో చూస్తే పాట పెట్టొచ్చో లేదో తెలిసిపోతుంది. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో అరుస్తూ లెక్కపెడితే భలే ఉంటుంది కూడా.

తాళం_తప్పదు:

పాటల సంగతి. వాడొచ్చు, కానీ అన్ని డాన్సులకీ కాదు.

ఈ డాన్సులన్నీ ఎనిమిదేసి బీట్ల ముక్కలు, ఎనిమిది ముక్కలు కలిస్తే 64. వాటికోసం వాయించే రీళ్లు, జిగ్గులు అనే జానపద బాణీలు సరిగ్గా అంతే పొడవుంటాయి: మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు. సినిమా పాట అలా ఉండదు. పల్లవిలో ఒక లైను రెండుసార్లు, ఇంకోటి ఒక్కసారి, ఆ పైన వేణువు బిట్టు, చరణానికి ముందు మ్యూజిక్ ఎంతసేపో సంగీత దర్శకుడి ఇష్టం. పల్లవి మొదలు నుంచి వేళ్ల మీద 64 లెక్కపెట్టి చూడండి. 64 తర్వాత 1 ఎక్కడ పడిందో, అక్కడ పాట కూడా కొత్తగా మొదలైందా? మూడు రౌండ్లు అలా కుదిరితే ఆ పాట పనికొస్తుంది. సాధారణంగా రెండో రౌండుకే జారిపోతుంది. జారితే నేల మీద ఏం జరుగుతుందంటే, మీ కాల్ ఒక చోట, పాట తిరిగేది ఇంకో చోట. జనం పాటనే నమ్ముతారు, మీరు తప్పు చెప్పారనుకుంటారు.

అందుకని లా బస్ట్రాంగ్‌కీ, లక్కీ సెవెన్‌కీ కాంట్రా కోసం రికార్డు చేసిన వాయిద్యాల ట్రాకులే పెట్టండి. గొంతు ఉన్న పాట మీద కాల్ చెప్తే రెండు మాటలు కొట్టుకుంటాయి, అదీ ఒక కారణం. వేగం 108 నుంచి 116 మధ్య. ట్రాకు 124 ఉంటే ఆడాసిటీలో (కంప్యూటర్లో ఆడియో ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) టెంపో మాత్రమే తగ్గించండి, స్పీడు తగ్గిస్తే శ్రుతి కూడా దిగిపోతుంది. 120 దాటితే పెద్దవాళ్లు నడక మానేసి పరుగెత్తాలి.

మన జానపదం పెట్టాలనుంటే పాట పొడవుతో పనిలేని మిక్సర్ ఒకటి కట్టుకోండి. జంటలుగా హాలు చుట్టూ నడక. ఈల వినగానే లోపలివాళ్లు అలాగే నడుస్తూ, బయటివాళ్లు ముందున్న మనిషి దగ్గరికి. ఇంకో ఈలకి ఎదురెదురుగా తిరిగి చప్పట్లు, మళ్లీ ఈలకి నడక. ముక్కల లెక్క లేదు కాబట్టి ఏ డప్పు పాటకైనా నడుస్తుంది. పైన ఈల వద్దన్నారు, ఇక్కడైతే అదే సరైనది. ఈలని నాలుగు బీట్ల మొదట్లో ఊదండి, ఎక్కడపడితే అక్కడ కాదు.

బీట్_ముందు:

ఈల విషయంలో ఒప్పుకుంటున్నాను. ఆ డాన్సుకి కాల్ అనేదే లేదు కదా.

వరస ఇలా పెట్టుకోండి. జనం ఒక్కసారిగా రారు, కాబట్టి మొదట ఈల నడక, నడుస్తుండగానే కొత్త జంటలు దూరొచ్చు. తర్వాత ప్యాటీకేక్ నాలుగు నిమిషాలు. ఆ పైన సిసిలియన్ సర్కిల్, ఊపిరి పీల్చుకోడానికి. లా బస్ట్రాంగ్ గంట లోపల, జనం ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడు. తర్వాత విరామం, టీ. రెండో సగంలో వర్జీనియా రీల్ లాంటి బారు వరసల డాన్సు ఒకటి, ఓపికుంటే ముగ్గురేసి వరసలది, లక్కీ సెవెన్ చివరి నుంచి రెండోది. ఈల నడక మిక్సరే అయినా దాన్ని నేను లెక్కలో వేయను, అది తలుపు తెరిచి ఉంచడం. ఆఖరి డాన్సు మిక్సర్ కాకూడదు, ఎవరి మనిషితో వాళ్లు ఇంటికెళ్లాలి.

ఒహాయో_కోలాటం:

బేసి సంఖ్యలో వస్తే? ఒకరు మిగిలిపోతారు కదా.

మూడో_జంట:

మిగలనివ్వండి. వలయం మధ్యని ‘తప్పిపోయినవాళ్ల చోటు’ అని మొదటి డాన్సుకి ముందే ప్రకటించండి. ఎవరికైనా కొత్త మనిషి దొరక్కపోతే వెనక్కి చూడకుండా, వెతక్కుండా, చెయ్యి పైకెత్తి నేరుగా మధ్యలోకి వెళ్లాలి. అక్కడ చెయ్యెత్తిన ఇంకొకరితో జంట కట్టి, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ దూరాలి. వెతుక్కుంటూ వలయం చుట్టూ తిరిగేవాళ్ల వల్లే పక్క జంటలు కూడా చెడతాయి. నిజంగానే బేసి అయితే ఆ రౌండుకి మధ్యలో ఒకరు మిగులుతారు, తర్వాతి మార్పులో ఎవరో ఒకరి ముందుకెళ్లి చేతులు చాచేస్తారు, అప్పుడు ఇంకొకరు మధ్యలోకి. పిల్లలకి ఆ చోటంటే ఎంత ఇష్టమో, కావాలనే తప్పిపోతారు. అది మాత్రం ఆపండి, మధ్యలో నలుగురైదుగురు చేరితే వలయానికి నాలుగడుగులు లోపలికి రావడానికి చోటుండదు.

ప్యాటీకేక్‌లో మధ్యలోకి వెళ్లడం కుదరదు, లోపలివాళ్ల వీపులు అడ్డం. దానికి స్పీకర్ ముందు చోటు చెప్పండి. ఎర్ర రిబ్బన్లు ఒక నాలుగు ఎక్కువ కట్ చేసి జేబులో ఉంచుకోండి, విరామం తర్వాత సగం మంది ఎక్కడ పెట్టారో మర్చిపోయి వస్తారు.